సన్నలావు అక్షరం

దిల్‌సుఖ్‌నగర్ పాత దుకాణదారులను జానయ్య ఎవరని అడిగితే ఎక్కువమంది తల అడ్డంగా ఊపుతారు. సన్నలావు రాసే ఆయన ఎక్కడుంటాడని అడిగితే మాత్రం సరూర్‌నగర్ చెరువు వైపు చెయ్యి చూపిస్తారు. ముప్పై ఏళ్ళు ఆ వీధుల్లో బోర్డులు రాసిన మనిషికి సొంత పేరు కంటే చేతిరాత పేరే ఎక్కువగా నిలిచింది.

ఆయనది నల్లగొండ జిల్లా నేరేడుచర్ల దగ్గర చిన్న పల్లె. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని జానయ్య అని పెట్టారు. చదువు ఏడో తరగతితో ఆగింది. బళ్ళో ఆయనకు పట్టుబడింది దస్తూరి ఒక్కటే. ఊళ్ళో గోడల మీద కుటుంబ నియంత్రణ నినాదాలు రాయడానికి పట్నం నుంచి ఒక పెయింటరు వస్తే, మూడు రోజులు ఆయన నీడలా తిరిగి, నాలుగో రోజు ఆయన వెంటే బస్సెక్కాడు. అలా పంతొమ్మిదేళ్ళ వయసులో మలక్‌పేటలో ఖాదర్ ఉస్తాద్ దగ్గర కుదిరాడు.

ఖాదర్ ఉస్తాద్ ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ రాసేవాడు. ఉర్దూను రెల్లు కలంతో రాసేటప్పుడు చూడాలి. కలం ఒకటే, చెయ్యి ఒకటే. ఒక గీత బొటనవేలంత లావుగా దిగేది, దాని పక్కనే ఇంకో గీత వెంట్రుకలా సాగేది. జానయ్య ఆ చేతినే చూస్తూ కూర్చునేవాడు. అది గమనించిన ఉస్తాద్ ఒకరోజు పాత ట్రంకుపెట్టెలోంచి అట్ట ఊడిన పుస్తకం తీసి ఇచ్చాడు. మూతపడిన ఏదో అచ్చాఫీసులోది. రకరకాల అచ్చు అక్షరాల నమూనాలు పేజీకొకటి ఉన్నాయి. అందులో ఒక పేజీ దగ్గర జానయ్య ఆగిపోయాడు. ఇంగ్లీషు పెద్దక్షరాలు. నిలువు గీతలు స్తంభాల్లా బలంగా, అడ్డగీతలు దారప్పోగుల్లా సన్నగా ఉన్నాయి. ప్రతి అక్షరం కాలి కింద గడపలాంటి చిన్న గీత. అక్షరాలన్నీ ఇస్త్రీ బట్టలు తొడుక్కుని పెళ్ళికి బయలుదేరినట్టున్నాయి.

ఆ పేజీ సగం చిరిగింది. క్యూ అక్షరం పోయింది. ఇంగ్లీషు 'ఓ' రాసి, ఉస్తాద్ ఉర్దూలో తిప్పే తోకను తెచ్చి దానికి తగిలించాడు జానయ్య. ఉస్తాద్ చూసి నవ్వాడు కానీ చెరిపెయ్యమనలేదు.

ఇంగ్లీషు చదివితే జానయ్యకు సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు. అక్షరాల ఒళ్ళు మాత్రం పూర్తిగా తెలుసు. ఎ అక్షరానికి ఎడమకాలు సన్నం, కుడికాలు లావు. తారుమారైతే అక్షరం కుంటుతుంది. ఎమ్‌కు నాలుగు గీతలు ఒకటి విడిచి ఒకటి సన్నం, లావు. ఇవన్నీ ఆయనకు ఇంటివాళ్ళ నడకల్లా తెలుసు.

పేరు తెచ్చిన బోర్డు 1991లో వచ్చింది. పదేళ్ళ కింద చీరాల నుంచి వచ్చిన శ్రీరామమూర్తిగారు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద పట్టుచీరల దుకాణం పెడుతూ, అప్పుడే పుట్టిన కూతురు అమల పేరు దానికి పెట్టుకున్నారు. పక్క దుకాణాలన్నీ ఎరుపు, పసుపు రంగుల్లో లావుపాటి అక్షరాలతో అరుస్తుంటే, జానయ్య ముదురు మెరూన్ రేకు మీద మీగడ రంగులో AMALA SILKS అని తన సన్నలావులో రాశాడు. తెలుగు వద్దన్నారు మూర్తిగారు. ఇంగ్లీషులో ఉంటేనే పెద్ద దుకాణంలా కనిపిస్తుందని ఆయన నమ్మకం. బోర్డు ఎక్కించాక రోడ్డు అవతలకు వెళ్ళి చూసుకుని, చాలాసేపు అక్కడే నిలబడిపోయారు.

"ఏవయ్యా జానయ్యా, దుకాణం లోపల ఉన్న సరుకు కంటే బయట నువ్వు రాసిందే బావుందయ్యా" అన్నారు తిరిగొచ్చి.

ఆ అక్షరాలే తర్వాత చీరల పెట్టెల మీదికి, చేతిసంచుల మీదికి, పెళ్ళిళ్ళ సీజన్లో పేపర్లో వేసే ప్రకటనల మీదికి పాకాయి. జనం చదవకుండానే, ఆ సంచీ దూరం నుంచి చూసి అమల సంచీ అని గుర్తుపట్టేవారు. మాకూ అలాగే రాసిపెట్టు అని నగల దుకాణాలవాళ్ళు, ఫోటో స్టూడియోలవాళ్ళు వరస కట్టారు. పదేళ్ళు జానయ్య బ్రష్ ఆరలేదు.

తర్వాత ఫ్లెక్సులు వచ్చాయి. ఉదయం చెబితే సాయంత్రానికి బోర్డు తయారు, దాని మీద యజమాని ఫోటో కూడా. జానయ్యకు నంబరు ప్లేట్లు, బడి గోడలు, ఎన్నికలప్పుడు నినాదాలు మిగిలాయి. అన్నిటికంటే చిత్రమేమిటంటే, ఆయన కూతురు విజయశ్రీ ఇంటరయ్యాక డీటీపీ నేర్చుకుని కొత్తపేటలో ఒక ఫ్లెక్సు దుకాణంలోనే ఉద్యోగానికి చేరింది. జానయ్య అడ్డు చెప్పలేదు. సాయంత్రం ఇంటికొచ్చిన కూతురి చేతులకు రంగు అంటకుండా ఉండటం మాత్రం ఆయనకు చాన్నాళ్ళు వింతగానే ఉండేది.

2011 ఆగస్టులో విజయశ్రీ ఒకరోజు ఇంటికి రాగానే బ్యాగులోంచి ఒక కాగితం తీసి తండ్రి ముందు పెట్టింది.

"నాయినా, గిది చూడు. అమల సిల్క్స్ కొత్త బోర్డు. మా దుకాణానికే ప్రింటుకొచ్చింది."

మూర్తిగారి కొడుకు మురళీకృష్ణ ఎంబీఏ చేసి వచ్చి వ్యాపారం చేతిలోకి తీసుకున్నాడు. ఎల్బీనగర్‌లో ఇంకో దుకాణం తెరుస్తూ, రెండింటికీ కలిపి బెంగళూరులో కొత్త డిజైను చేయించాడు. కాగితం మీద తెల్లటి నేల, నల్లటి అక్షరాలు. సన్నలావే. కాకపోతే సన్నం మరీ సన్నం, ఊదితే ఎగిరిపోయేటట్టుంది. వంపులు చెయ్యి తాకనట్టు నున్నగా ఉన్నాయి.

జానయ్య కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాడు. భార్య సైదమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, ఈయన ఏమంటాడోనని నిలబడింది. తన బోర్డు దింపేస్తున్నారని బాధపడతాడనుకుంది. జానయ్య ముఖంలో వెలుగే కనిపించింది.

"మస్తు జేసిండు బిడ్డా ఎవరోగాని. గీ ఎస్ వంపు నా చేతిల ఎన్నడు గిట్ల రాలే" అన్నాడు. కాగితాన్ని చేతి దూరంలో పెట్టి చూసి, "కని ఇది చేతిల వట్టుకొని చూసే అక్షరం. పత్రిక మీద, డబ్బా మీద బాగుంటది. బోర్డు మీద నిలవడదు. ఇరవై అడుగుల మీదికెక్కితె గీ సన్నగీతలు గాలిల కలిసిపోతయ్. బొటనేలంత లావుంటెనే రోడ్డు మీదున్న మనిషికి దారమంత కనవడ్తది. పోయి చెప్పు వాళ్ళకు."

విజయశ్రీ చెప్పింది. మురళీకృష్ణ మర్యాదగానే విన్నాడు. "ఇది ఇంటర్నేషనల్ డిజైనండీ. వాళ్ళకి తెలీదంటారా?" అన్నాడు.

బోర్డు ఎక్కింది. వెనక దీపాలతో తెల్లటి ఫ్లెక్సు. దీపాలు వెలిగేసరికి ఉన్న కాస్త సన్నగీతల్నీ ఆ వెలుగు మింగేసింది. ఎ అక్షరాల ఎడమకాళ్ళు మాయమయ్యాయి, ఎల్ కింద గీత మాయమైంది. రోడ్డు మీదికి కొన్ని వాలుకర్రలు, కొన్ని నిలువుకర్రలు మాత్రం కనబడేవి. షేర్ ఆటోవాళ్ళు "కర్రల దుకాణం కాడ ఆపాల్నా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ మాట మూర్తిగారి చెవిన పడింది.

ఆయన జానయ్య కోసం కబురు పెట్టేనాటికి సెప్టెంబరు పదమూడు దాటింది. సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు, బళ్ళు, బస్సులు ఆగిపోయాయి. సరూర్‌నగర్ పెయింటర్ల సంఘంలో ఉన్నది ఇరవై ఆరుగురే అయినా వాళ్ళూ సమావేశం పెట్టుకుని, సమ్మె అయ్యేదాకా దుకాణాల పని ముట్టకూడదని తీర్మానం చేసుకున్నారు. ఎల్బీనగర్ చౌరస్తాలో వేసిన దీక్షా శిబిరానికి కావలసిన బ్యానర్లన్నీ చేత్తో రాసే బాధ్యత జానయ్యది. ఫ్లెక్సులు కాదు, గుడ్డ మీదే రాయాలని శిబిరంలో అందరి పట్టుదల. ఎన్నో ఏళ్ళ తర్వాత జానయ్యను వెతుక్కుంటూ పని వచ్చింది.

రోజూ పొద్దున్నే వెళ్ళి, గుడారం కింద నేల మీద తెల్లగుడ్డ పరిచి రాసేవాడు. జై తెలంగాణ. అవే రెండు మాటలు, రోజుకు పది సార్లు. చేతికి అలవాటైన పని కదా అని మొదటి వారం మామూలు లావు అక్షరాలతో రాశాడు. రెండో వారంలో ఆయనకు ఒక కోరిక పుట్టింది. ఇంతకాలం ఇంగ్లీషుకు తొడిగిన సోకు తెలుగుకు ఎందుకు తొడగలేదు తను? ఇప్పుడైనా రాసి చూద్దామనుకున్నాడు.

కుదరలేదు. ఇంగ్లీషు అక్షరానికి నిలువు గీత ఉంది, బరువంతా దాని మీద పెట్టొచ్చు. తెలుగంతా గుండ్రం. బరువు ఎక్కడ దించాలి? రెండు పక్కలా లావు చేస్తే అక్షరాలు వాచిపోయినట్టున్నాయి. కింద లావు చేస్తే కుండల్లా కూర్చుంటున్నాయి. 'ల' పక్కన సున్న నల్లబడి కన్ను పొడుచుకొచ్చినట్టు చూస్తోంది. నాలుగు గుడ్డలు పాడయ్యాయి. వాటిని తిరగేసి వెనకవైపు మామూలుగా రాసిచ్చాడు.

"అన్నా, ఏంది పరేషాన్ అయితున్నవ్? రాసేదే నినాదం, గింత సోకెందుకు?" అన్నాడు భిక్షపతి. ఆయన ఆర్టీసీ డ్రైవరు, శిబిరం బాగోగులన్నీ చూసేవాడు. "దూరంకెల్లి కనవడితె సాలు."

"కనవడుడు ఒక్కటేనా భిక్షపతీ? చూడబుద్ధి కావొద్దా?" అన్నాడు జానయ్య తల ఎత్తకుండా.

బతుకమ్మ రోజులు వచ్చాయి. ఒక ఉదయం జానయ్య శిబిరానికి బయలుదేరుతూ, గుమ్మం ముందు సైదమ్మ ముగ్గు వేస్తుంటే దాటడానికి దారి లేక ఆగాడు. చుక్కల చుట్టూ తిప్పుతోంది. చెయ్యి తన వైపు వచ్చేటప్పుడు నిదానంగా వస్తోంది, పిండి చిక్కగా పడుతోంది. మలుపు దగ్గర చెయ్యి చురుగ్గా తిరుగుతోంది, అక్కడ గీత సన్నబడుతోంది. మళ్ళీ దిగేటప్పుడు చిక్కన. ఒక్క మెలికలో రెండుసార్లు లావు, రెండుసార్లు సన్నం. ఎక్కడా అతుకు లేదు.

"మళ్ళొక్కసారి వెయ్యవే" అన్నాడు.

"ఏంది?"

"గా మెలిక. జర నిమ్మళంగ."

సైదమ్మ విచిత్రంగా చూసింది కానీ వేసింది. ఇంకోటి వెయ్యమన్నాడు. మూడోది వేశాక ఆమె నడుం పట్టుకుని లేచి, "నాకు పూలు తెంపే పనుంది, నువ్వే ఏస్కో" అని పిండి గిన్నె చేతికిచ్చి లోపలికి పోయింది. జానయ్య అక్కడే గొంతుకూర్చుని, పిండితో 'త' రాశాడు. 'ల' రాశాడు. 'ణ' రాశాడు. ఎదురింటివాళ్ళు పళ్ళు తోముకుంటూ, ఈయనకేమైందని చూస్తూ నిలబడ్డారు.

ఆ రోజు శిబిరంలో రాసిన బ్యానరు వేరుగా వచ్చింది. కిందికి దిగే చోటల్లా అక్షరం నిండుగా ఉంది. తిరిగే చోట సన్నబడి, మళ్ళీ నిండింది. తలకట్టు చివర చిన్న విసురు మిగిలింది. సున్న ఒకపక్క లావు, పైన కింద సన్నం. ఇప్పుడది గుడ్లురమటం మానేసింది. రెండు వెదురు బొంగులకు కట్టి నిలబెట్టారు. భిక్షపతి రోడ్డు దాటి అవతలకు పోయి చూసొచ్చాడు. ఆ బ్యానరును మాత్రం ఊరేగింపుకు ఇవ్వకుండా శిబిరం వెనక గోడకు తానే కట్టాడు.

మూడు రోజులు పోయాక శ్రీరామమూర్తిగారు వచ్చారు. కబురు పెట్టినా జానయ్య రాకపోయేసరికి ఆయనే బయలుదేరారు. తెల్లపంచె, తెల్లచొక్కా, చేతిలో గొడుగు. శిబిరం ముందు ఆటో దిగగానే అక్కడి మాటలు తగ్గిపోయాయి. ఆయన ఎవరో అందరికీ తెలుసు. భిక్షపతి లేచి కుర్చీ లాగాడు.

"రాండ్రి సారు, కూసోండ్రి."

మూర్తిగారు కూర్చున్నారు. గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నారు. జానయ్య బ్రష్ కడిగి, చేతులు తుడుచుకుని ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"మావాడు చేసిన నిర్వాకం చూశావు కదా. దసరా దగ్గరకొచ్చేసింది. పాత బోర్డు గోడౌన్లోనే ఉంది, రంగు పోయింది. ఒకసారి వచ్చి చెయ్యి వెయ్యవయ్యా."

"సమ్మెల ఉన్న సారు. రాయొద్దని మా సంఘం తీర్మానం జేసింది."

"మేం అటువైపు వాళ్ళమనా?"

"గట్లెందుకంటరు? రేపు మా తోడబుట్టినోడు దుకాణం వెట్టినా రాయను. అయినంక చెప్పుండ్రి, పొద్దుగాల్నే ఒస్త."

మూర్తిగారు తల ఊపారు. ఒళ్ళో గొడుగు పిడిని అటూ ఇటూ తిప్పారు. ఆయన మనసులో ఉన్నది బోర్డు ఒక్కటే కాదని జానయ్యకు తెలుస్తూనే ఉంది. చివరికి గొంతు తగ్గించి అన్నారు: "ముప్పై ఏళ్ళయిందయ్యా వచ్చి. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. రాష్ట్రం వచ్చాక ఎలా ఉంటుందో, ఉండాలో పోవాలో తేల్చుకోలేక మా ఇంట్లో రోజూ ఇదే మాట."

"బోర్డు రాపిచ్చుకుంటానికి ఒచ్చిన్రంటె, ఉండేటట్టే గద సారు" అన్నాడు జానయ్య.

మూర్తిగారు నవ్వబోయి ఆగారు. అప్పుడే ఆయన చూపు వెనక గోడ మీద బ్యానరు మీద పడింది. లేచి దగ్గరకు వెళ్ళారు. అందులో రాసిన మాట ఆయనకు ఇష్టమైనది కాదు. అయినా కళ్ళజోడు సవరించుకుని ఒక్కో అక్షరాన్నీ పట్టుచీర అంచు చూసినట్టు చూశారు.

"ఇదీ నువ్వేనా?"

"నేనే."

"తెలుగు ఇలా రాయొచ్చని నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నాకు గూడ మొన్నటిదాంక తెల్వదు సారు. ఇంకొకటి, మీరే గద తెలుగొద్దన్నది."

మూర్తిగారు ఒప్పుకున్నట్టు తల వంచారు. వెళ్ళేముందు భిక్షపతి చాయ్ తెప్పిస్తే, నిలబడే తాగి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక శిబిరంలో ఒకరిద్దరు గొణిగారు. వాళ్ళ బోర్డు ఎందుకు రాయాలి, రాయనని మొఖం మీద చెప్పాల్సింది అన్నారు. "సమ్మె నాది, చెయ్యి గూడ నాదే" అని జానయ్య మళ్ళీ గుడ్డ మీదికి వంగాడు.

దసరా దాటిపోయింది. కర్రల బోర్డు కిందనే ఆ పండగ వ్యాపారం నడిచింది. నలభై రెండు రోజుల తర్వాత, దీపావళికి రెండు రోజుల ముందు సమ్మె ముగిసింది. రాష్ట్రం రాలేదు. శిబిరం గుడారం విప్పుతుంటే అందరి ముఖాలూ పీక్కుపోయి ఉన్నాయి. భిక్షపతి కళ్ళు తుడుచుకుంటూ ఆ గోడ బ్యానరును మడతపెట్టి ఇంటికి తీసుకుపోయాడు. జానయ్యకు రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు, దీపావళి నాడు, ఇచ్చిన మాట ప్రకారం పొద్దున్నే బ్రష్‌లు తీసుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాడు.

పాత రేకును గీకి, మెరూన్ రంగు మళ్ళీ వేశాడు. ఆరడానికి రెండు రోజులు. తర్వాత పరంజా మీద కూర్చుని, చెయ్యి వణక్కుండా ఎడమచేత్తో పట్టిన కర్ర మీద కుడి మణికట్టు ఆనించుకుని రాయడం మొదలుపెట్టాడు. ఏం రాయాలో మూర్తిగారు ఒక్క మాటలో చెప్పారు: పైన తెలుగు, కింద ఇంగ్లీషు. తెలుగే పెద్దది. 'అమల' అనే మూడక్షరాలకు ఒక పూటంతా పట్టింది. మురళీకృష్ణ దుకాణం లోపలికి, బయటికి తిరుగుతూ చూశాడు. మధ్యాహ్నానికి అతను కూడా కుర్చీ తెచ్చుకుని పరంజా పక్కనే కూర్చున్నాడు.

"ఆ సన్నగీత అంత లావు పెడుతున్నారేంటండీ?" అని అడిగాడు.

"దిగి రోడ్డు దాటి చూడు బాబూ" అన్నాడు జానయ్య.

అతను వెళ్ళి చూశాడు. తిరిగొచ్చి, ఈ తెలుగక్షరాలు సంచుల మీద, పెట్టెల మీద కూడా కావాలి, ఎలా అని అడిగాడు. "మా బిడ్డనడుగు, దానికి తెలుసు" అన్నాడు జానయ్య.

నిజానికి విజయశ్రీకి కూడా తెలియదు. మూడక్షరాలను స్కాన్ చేసి ఇవ్వడం తేలికే. ఇచ్చింది. అయితే ఆ మూడూ తెర మీద చూశాక, మిగతావన్నీ కూడా ఉంటే బాగుండుననిపించింది. ఇంటర్నెట్‌లో వెతికి, తెలిసినవాళ్ళను అడిగి, అక్షరాలను ఫాంటుగా ఎలా చేస్తారో మెల్లగా నేర్చుకుంది. ఆదివారాలు తండ్రీకూతుళ్ళు కూర్చునేవారు. ఆయన డ్రాయింగు కాగితం మీద అరచెయ్యంత అక్షరం రాసేవాడు, ఆమె దాన్ని కంప్యూటరులో అంచు వెంబడి గీసేది. ఇద్దరికీ తగువులు పడేవి.

"నాయినా, పోయినవారం 'క' ఒకతీరు రాసినవ్, గియ్యాల ఇంకో తీరు రాస్తున్నవ్. కంప్యూటర్‌కు ఒక్కటే ఉండాలె."

"మనిషి చెయ్యి బిడ్డా అది. దినాం ఒక్కతీర్గ ఉంటదా?"

"ఉండాలె."

"అయితె పోయినవారందే ఉంచు. గీ దినం చెయ్యి బాగలేదు."

గుణింతాలు, ఒత్తులు చేరేసరికి పని కొండలా పెరిగింది. రెండున్నరేళ్ళు పట్టింది. ఈలోగా మెట్రో పనులు మొదలై దిల్‌సుఖ్‌నగర్ రోడ్డంతా తవ్వేశారు. స్తంభాలు లేచి, వాటిలో ఒకటి సరిగ్గా అమల సిల్క్స్ ఎదురుగా నిలబడింది. అవతలి పేవ్‌మెంటు మీది నుంచి చూస్తే బోర్డులో సగం అక్షరాలే కనబడతాయి ఇప్పుడు. మూర్తిగారు కొన్నాళ్ళు మథనపడి, బోర్డును దుకాణం గుమ్మం పైకి దించి పెట్టించారు. దగ్గర నుంచి చూసే వీలు దొరికిందని కొత్తగా వచ్చేవాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగేవారు.

2014 జూన్‌లో రాష్ట్రం వచ్చింది. ఆ వారమంతా జానయ్య నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపి టీఎస్ అని రాస్తూనే ఉన్నాడు. భిక్షపతి తన స్కూటరు తెచ్చి అందరికంటే ముందు నిలబెట్టాడు, అదీ సన్నలావులోనే కావాలని. పోలీసులు పట్టుకుంటారన్నా వినలేదు.

అదే నెల చివర్లో విజయశ్రీ ఫాంటును మలక్‌పేటలో శుభలేఖలు అచ్చువేసే ఒకాయనకు వాడి చూడమని ఇచ్చింది. ఆయన మిత్రులకు ఇచ్చాడు, వాళ్ళు ఇంకొకరికి. మంచి పేరేదో పెడదామని ఆమె ఆలోచిస్తూనే ఉంది. ఫైలుకు మాత్రం పని జరుగుతున్నప్పుడు గుర్తు కోసం పెట్టుకున్న పేరే ఉండిపోయింది. మార్చేలోగానే అది ఊరంతా తిరిగింది.

ఒక మధ్యాహ్నం జానయ్య చాదర్‌ఘాట్‌లో ఒక ప్రెస్సుకు, అక్కడ మిగిలిన రంగు డబ్బా ఒకటి తెచ్చుకోవడానికి వెళ్ళాడు. కౌంటరు దగ్గర ఎవరో పెళ్ళివారు కార్డులు తిరగేస్తున్నారు. అందులో ఒకటి తీసి, ఇదే అక్షరం మాకూ కావాలన్నారు. ప్రెస్సాయన లోపలికి కేకవేశాడు.

"అరే, నాయిన ఫాంటు ఎక్కియ్యి. నాయిన బోల్డ్!"

జానయ్య డబ్బా పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. తానెవరో చెప్పుకోవాలని తోచలేదు. కార్డు అడిగి తీసుకుని, 'చిరంజీవి', 'లక్ష్మీ', 'సౌభాగ్యవతి' అన్నీ కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. ఇంటికి వెళ్ళాక కూతురితో, 'క్ష్మీ' లో కింది ఒత్తు ఇంకా బరువుగా ఉంది, మళ్ళీ రాసిస్తానన్నాడు. బండి ఱ కూడా ఇంకా రాయలేదని గుర్తుచేశాడు.

"ఎవరు వాడ్తరు నాయినా దాన్ని?" అంది విజయశ్రీ.

"ఎవరో ఒకరు వాడ్తరు" అని ఆయన కాగితం పరుచుకున్నాడు.